విప్పి కుట్టిన కాలరు

ఆ వీధిలో ఎవరికి ఏ సందేహం వచ్చినా కటింగ్ మాస్టర్ దగ్గర జవాబు ఉండేది. అడిగినా ఉండేది, అడక్కపోయినా ఉండేది. ఫోను ఎందుకు వేడెక్కుతోందో, ఫ్యాను ఎందుకు కిర్రుమంటోందో, పక్కింటి పిల్ల ఏం చదివితే బాగుపడుతుందో, అన్నీ మెడలో టేపు సవరించుకుని మరీ చెప్పేవాడు. చొక్కాకు కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు కాస్త లోకజ్ఞానం కూడా మోసుకుపోవాల్సిందే. మనిషి మంచివాడే. కాకపోతే నలుగురిలో తెలిసినవాడు అనిపించుకోకపోతే ఆ పూట అన్నం సయించని రకం.

కొట్టు చిన్నది. గుమ్మం పక్కన, వెలుతురు పడేచోట పెద్దక్క మిషను. లోపల గోడవారగా అతని మిషను. మధ్యలో కటింగ్ బల్ల, దాని కింద పీలికల సంచి, పైన తాడుకు వేలాడే సగం కుట్టిన చొక్కాలు. పెద్దక్క అతని సొంత అక్క. అయినా వీధి వీధంతా ఆవిణ్ణి పెద్దక్క అనే పిలిచేది, ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా. కాళ్ళు మిషను పెడలుకు అందని వయసులో తమ్ముణ్ణి పక్కన కూచోబెట్టుకుని కుట్టు నేర్పింది ఆవిడే. కాలరు సరిగ్గా కూచోకపోతే చొక్కా ఎంత ఖరీదైనదైనా దండగ అని ఆవిడ మాట. ఆవిడ కుట్టిన కాలరు మొనలు రెండూ కవల పిల్లల్లా ఉండేవి.

ఉండేవి అనే చెప్పుకోవాలి. కొంతకాలంగా ఆవిడ చూపు తగ్గిపోతోంది. పక్కనున్నవన్నీ కనిపిస్తాయట, సూటిగా చూసినదే మసకబారుతుందట. అద్దాలు మార్చినా లాభం లేదని కళ్ళ డాక్టరు చెప్పేశాడు. ఆవిడ ఆ సంగతి ఇంట్లో ఒకసారి చెప్పి, మళ్ళీ ఎత్తలేదు. చేతి అలవాటు మీద కుట్టుకుంటూ పోయింది. కాలరు మొనలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి రావడం మొదలైంది. మాస్టర్ చూశాడు, నోరు విప్పలేదు.

మధ్యాహ్నం ఆవిడ భోజనానికి ఇంటికెళ్ళి కాసేపు నడుం వాల్చి వచ్చేది. ఆ సందులో అతను గుమ్మం తలుపు ఓరగా వేసి, బ్లేడు తీసుకుని ఆవిడ కుట్టిన కాలర్లు విప్పి, మళ్ళీ కుట్టి, ఇస్త్రీ చేసి, ఏమీ ఎరగనట్టు తాడుకు తగిలించేవాడు. ఆవిడ తిరిగొచ్చి మొనల మీద బొటనవేలు ఆనించి చూసుకునేది.

"చూశావుట్రా, నా చేతికి కూడా కళ్ళున్నాయి."

"నీకేంటక్కా!" అనేవాడు.

అతని జీవితంలో చేసిన మంచి పనుల్లో ఇదే పెద్దది. ఎందుకంటే దీన్ని ఎవరికీ చెప్పుకోలేదు. ఏదీ కడుపులో దాచుకోలేని మనిషికి అది మామూలు తపస్సు కాదు. అదే చివరిదాకా నిలుపుకుని ఉంటే ఈ కథ చెప్పుకోవాల్సిన పనే ఉండేది కాదు.

టైలర్లందరికీ కలిపి ఫోనులో ఒక గ్రూపు ఉండేది, అందరూ వాడే ఒక పెద్ద సైటులో. ఈ ఊరివాళ్ళూ, మొహం ఎరగని ఎక్కడెక్కడి ఊళ్ళవాళ్ళూ అందులో కటింగు ఫోటోలు పెట్టుకునేవాళ్ళు, సందేహాలు తీర్చుకునేవాళ్ళు. ఒకరోజు పొద్దున్నే చూస్తే గ్రూపుకు తాళం. కారణం చెప్పలేదు. అడుగుదామంటే పలికే మనిషి లేడు. ఏళ్ళ తరబడి పోగేసిన బొమ్మలన్నీ లోపలే ఉండిపోయాయి. ఎదురుగా ఉన్న గుండీల కొట్టాయన లబోదిబోమన్నాడు. "ఒక్కడి చేతిలో తాళం ఉంటే ఇంతే మాస్టర్ గారూ! యజమాని అంటూ ఒక్కడే లేని చోటు ఎక్కడైనా ఉంటే చూడండి."

ఇలాంటి మాట కోసమే కదా మాస్టర్ కాచుకుని ఉంది! అలాంటివేనని పేరున్న మాస్టొడాన్, బ్లూస్కై, నాస్టర్ అనే మూడు సైట్లలో ఖాతాలు తెరిచాడు. ఒక్కోదాంట్లో కొన్నాళ్ళు తిరిగాడు. ఏది తేలికో, ఏది చిక్కో, కొత్తవాళ్ళు ఎక్కడ తడబడతారో బల్ల మీద సుద్దముక్కతో గీతలు గీసి వచ్చినవాళ్ళకల్లా వివరించాడు. కొందరు చొక్కాలు తీసుకోవడానికి రావడం కూడా మానుకున్నారని గుండీల కొట్టాయన వేళాకోళమాడేవాడు. చివరికి మాస్టొడాన్ ఖాయం చేశాడు. అందులో జనం ఎవరికి వాళ్ళు నడుపుకునే చోట్లను సర్వర్లంటారు. చేతిపనుల వాళ్ళు నడిపే చిన్న సర్వర్ ఒకటి చూసి తెలిసినవాళ్ళను ఒక్కొక్కరినే అందులో చేర్చసాగాడు. మిగిలినవాళ్ళ కోసం ఆదివారం మీటింగు పెట్టాడు.

ఆ సర్వర్లోనే ఎంబ్రాయిడరీ చేసే ఒకావిడ పరిచయమైంది. ఎక్కడో దూరపు ఊరు. ఎప్పుడూ చూసింది లేదు. కానీ ఆవిడ రాసే మాటలు చురుగ్గా ఉండేవి, ఇతను రాసిన వివరాలు చదివి "ఇంత విడమరిచి చెప్పేవాళ్ళు దొరకడం మా అదృష్టం" అనేది. ఆ ఒక్క మాటకు మాస్టర్ రోజంతా ఈలవేస్తూ కత్తెర ఆడించేవాడు.

పెద్దక్కను కూడా అతనే చేర్చాడు. పెద్ద అక్షరాలు పెట్టాడు. అవీ కనిపించవని, వచ్చినవన్నీ ఫోనే గట్టిగా చదివి వినిపించేలా అమర్చాడు. "గంట మోగిందంటే నీకేదో వచ్చినట్టు అక్కా. ఇక్కడ నొక్కు, అదే చదువుతుంది" అని వేలు పట్టుకుని చూపించాడు. ఆవిడ మర్చిపోయేది. మళ్ళీ అడిగేది. మళ్ళీ చూపించేవాడు. ఆ తర్వాత చూపించేటప్పుడు కాస్త విసుక్కునేవాడు.

ఒకరోజు ఆవిడకు తానూ ఏదైనా పెట్టాలనిపించింది. తాడు మీది చొక్కాల్ని తడిమి ఒక కాలరు ఎంచింది. "దీని ఫోటో తియ్యరా. మొన ఎలా తిప్పాలో నేను చెబుతా, నువ్వు రాయి" అంది. అది అతను విప్పి కుట్టిన కాలరు. అతనికి తెలుసు. తీశాడు, రాశాడు, ఆవిడ పేరుతో పెట్టాడు.

ఇంక చూడండి! మాస్టర్ రాత్రింబవళ్ళు తలబద్దలు కొట్టుకుని రాసిన మూడు సైట్ల బాగోగులకు పట్టుమని పదిమంది పలకలేదు గానీ, ఆ కాలరు ఫోటో కింద జనం విరగబడ్డారు. ఇలాంటి చేయి ఈ రోజుల్లో ఎక్కడుంది అన్నారు. పెద్దక్కా మాకూ నేర్పండి అన్నారు. ఎంబ్రాయిడరీ ఆవిడ సైతం "మాస్టర్ గారూ, మీ అక్కగారి ముందు మనమంతా దిగదుడుపే" అని రాసింది. ఫోను అవన్నీ చదువుతుంటే పెద్దక్క మిషను ఆపి, చిన్నపిల్లలా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వింది. మాస్టర్ కూడా నవ్వాడు. లోపల మాత్రం కుతకుతలాడిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ ఇంటికెళ్ళింది. మాస్టర్ తలుపు ఓరగా వేసి బ్లేడు తీశాడు. ఒక కాలరు విప్పి, దాన్ని ఒళ్ళో పెట్టుకునే ఫోను అందుకున్నాడు. ఎంబ్రాయిడరీ ఆవిడకు రాయడం మొదలుపెట్టాడు. ఎవరికి కనిపించాలి అన్న చోట 'పేర్లు ఉన్నవాళ్ళకు మాత్రమే' అన్నది ఎంచాడు. అది ఇద్దరి మధ్య మాట అని అతని నమ్మకం.

"మీరంతా ఆహా ఓహో అంటున్న కాలరు ఆవిడ కుట్టింది కాదండీ, నేను కుట్టింది. ఆవిడకు చూపు లేదు. రోజూ ఆవిడ చేసిన కంగాళీ అంతా, ఆవిడ పడుకున్నాక విప్పి సరిచేయడమే నా పని. చెప్పిందే పదిసార్లు చెప్పించుకునే మొద్దు, పైగా లోకానికి పాఠాలు! మెడకు గుదిబండలా మోస్తున్నాను. చెబితే ఏడుస్తుందని ఊరుకుంటున్నాను." ఇలా సాగింది. రాస్తున్నకొద్దీ చేతికి ఊపు వచ్చింది. అక్క గురించి చెప్పేచోట, అలవాటుకొద్దీ పేరు ముందు పెట్టే ఎట్ గుర్తు (@) కొట్టి ఆవిడ ఖాతా పేరు పెట్టాడు. రెండక్షరాలు కొట్టగానే పేరు తనంతట అదే పైకి వచ్చింది, ఇతను వేలు ఆనించాడు. పాత సైటులో అలా పేరు పెడితే ఏమీ అయ్యేది కాదు. పంపేసి, తేలికపడ్డ మనసుతో కాలరు కుట్టుకున్నాడు.

ఇస్త్రీ పెట్టె ఇంకా చల్లారలేదు, జవాబు వచ్చింది.

"మాస్టర్ గారూ, మీరు రాసినదాంట్లో మీ అక్కగారి పేరు కూడా ఉంది. ఇక్కడ పేరు ఉంటే ఆ మనిషికీ చేరుతుంది కదా. ఈ జవాబులో ఆవిడ పేరు తీసేసి రాస్తున్నాను. మీరు కావాలనే పెట్టారా?"

మాస్టర్ తను పంపినదాన్ని మళ్ళీ తెరిచాడు. పైన, అది చేరినవాళ్ళ గుర్తులుగా, మూడు బొమ్మలు. తనది, ఎంబ్రాయిడరీ ఆవిడది, మూడోది కత్తెర బొమ్మ. ఆ కత్తెర బొమ్మ అక్కకు తనే పెట్టాడు. గబగబా రాసినదాన్ని తీసేశాడు. తీసేశాక గుర్తొచ్చింది, ఆవిడ ఫోను వచ్చింది వచ్చినట్టు బయటికి చదువుతుందని. ఆ ఏర్పాటు కూడా తన ఘనతే.

ఆవిడ రోజూ కంటే ఆలస్యంగా వచ్చింది. దారిలో గుండీల కొట్టులో ఆగిందట, చేతిలో దారపు ఉండలున్నాయి. చెప్పులు విడిచి, మిషను ముందు కూచుంది. చెయ్యి ఎత్తి, తాడుకున్న చొక్కా కాలరు మొనను బొటనవేలితో తడిమింది. చేతికి కళ్ళున్నాయనే మాట ఆవిడ నోటివెంట రాలేదు. సూదిలో దారం ఎక్కించమని అడిగింది, ఎక్కించి ఇచ్చాడు.

విందా, వినలేదా? ఆ ప్రశ్న అతని గొంతులో చేపముల్లులా ఇరుక్కుంది. అడిగితే తనే బయటపెట్టుకున్నట్టు. అడక్కపోతే ఆవిడ ముఖం చూడలేడు. చిన్నప్పుడు సూది వేలిలో దిగితే ఆ వేలు తన నోట్లో పెట్టుకున్న మనిషిని తను గుదిబండ అన్నాడు. అదీ ఎవరి దగ్గర? మెప్పు కోసం ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గర. ఎంబ్రాయిడరీ ఆవిడకు పొరపాటైందని ఒక్క ముక్క రాశాడు. ఆవిడ జవాబివ్వలేదు. ఎదురుకొట్టు గుండీలాయన ఎప్పుడూ అరిచి పలకరించేవాడు కాస్తా, ఇతను కనిపిస్తే గుండీల డబ్బాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

మర్నాటి నుంచి పెద్దక్క మధ్యాహ్నం ఇంటికి వెళ్ళడం మానేసింది. టిఫిను డబ్బా తెచ్చుకుని మిషను దగ్గరే తిని, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకునేది. "ఇంటికెళ్ళి పడుకోరాదా అక్కా" అంటే, "ఇక్కడ బానే ఉంది" అనేది. బ్లేడు తీసే వీలు లేకుండా పోయింది. ఒక హోటలు వాళ్ళ యూనిఫారం చొక్కాలు సోమవారానికి ఇవ్వాలి. వంకర మొనల కాలర్లు తాడు మీద వరసగా చేరుతున్నాయి. ఆవిడ కుడుతోంది, ఇతను చూస్తున్నాడు. ఒక్కో చొక్కా తాడుకెక్కినప్పుడల్లా చెంపదెబ్బ తిన్నట్టే ఉండేది.

ఆదివారం వచ్చింది. గుండీల కొట్టు మేడ మీద గదిలో మీటింగు. టైలర్లు, కాజాలు కుట్టేవాళ్ళు, ఫోను కొత్తగా కొనుక్కున్న వయసు మళ్ళినవాళ్ళు వచ్చి చాప మీద కూచున్నారు. పెద్దక్క ముందు వరసలో కూచుంది. వారం కిందటైతే మాస్టర్ ఎగిరి గంతేసేవాడు. ఇప్పుడు బోర్డు వైపు తిరిగి, గోడకు చెబుతున్నట్టు చెప్పాడు.

"బ్లూస్కైలో చేరడం తేలిక, పాత సైటు వాడినవాళ్ళకు కొత్తగా ఉండదు. మన ఖాతాను మూటగట్టుకుని ఇంకోచోటికి పోయే వీలు కూడా పెట్టారు. కాకపోతే ఇప్పటికి జనం చాలావరకు ఒకే చూరు కింద ఉన్నారు. నాస్టర్‌లో కొట్టూ లేదు, యజమానీ లేడు. పొడుగాటి అక్షరాల తాళంచెవి ఒకటి ఉంటుంది. అది పోతే ఎవరి కాళ్ళు పట్టుకున్నా ఇంకోటి చేసివ్వరు. మాస్టొడాన్ మన వీధి లాంటిది. ఎవరి కొట్టు వాళ్ళది, ఎవరి కట్టుబాటు వాళ్ళది, కానీ ఆ కొట్టువాళ్ళూ ఈ కొట్టువాళ్ళూ మాట్లాడుకోవచ్చు. ముందు ఏదో ఒక కొట్టు ఎంచుకోవాలి, కొత్తవాళ్ళు అక్కడే బెదిరిపోతారు. నచ్చకపోతే మారొచ్చు. మన ఖాతాను ఫాలో అవుతున్నవాళ్ళు మనతో వస్తారు, పాత రాతలు మాత్రం రావు."

"మా ఆవిడ లేని కొట్టు ఏదో చెప్పండి, అందులో చేరతా" అన్నాడు వెనకనుంచి ఒక ముసలి టైలరు. గది ఘొల్లుమంది. ఆ నవ్వులు ఇంకా సద్దుమణగలేదు, పెద్దక్క చెయ్యి ఎత్తింది.

"నాదొక సందేహంరా. ఇద్దరే మాట్లాడుకునే చోట మూడో మనిషి పేరు రాస్తే, అది ఎవరెవరికి పోతుంది? కొత్తవాళ్ళకు అది కూడా చెప్పాలి కదా."

గుండీల కొట్టాయన తల వంచేసుకుని కాలి బొటనవేలు చూసుకున్నాడు. అది చూడగానే మాస్టర్‌కు అంతా అర్థమైపోయింది. ఆవిడ దారం కొంటుండగా ఫోను ఆ కొట్టులోనే చదివింది. గుండీలాయన విన్నాడు. బేరానికి వచ్చినవాళ్ళు విన్నారు. మొద్దు అన్న మాట, గుదిబండ అన్న మాట, ఆ మరమనిషి గొంతుతో, ఒక్క అక్షరం పొల్లుపోకుండా.

"మాస్టొడాన్‌లో అయితే..." అన్నాడు. "పేరు ఉన్నవాళ్ళందరికీ పోతుంది."

"తెలియక రాసినా?"

"తెలియక రాసినా."

"తర్వాత తీసేస్తే?"

"తీసేయమని మిగతా సర్వర్లకు కబురు వెళుతుంది. వింటాయో లేదో చెప్పలేం. ఈలోగా చదివినవాళ్ళు చదివేస్తారు, విన్నవాళ్ళు వినేస్తారు." సుద్దముక్క చేతిలోనే విరిగింది. "ఇది నేను తెలుసుకోకుండానే మీకందరికీ చెప్పడానికి బయల్దేరాను. మా అక్క గురించి రాశాను. నోటితో చెప్పలేనంత నీచంగా రాశాను. అది అక్కకే చేరింది."

వీపు మీద ఇన్ని కళ్ళు ఉండగా మనిషి నిలబడడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది అతనికి.

"సరే, మిగతా రెండిటి సంగతి?" అంది పెద్దక్క. గొంతులో కోపం లేదు, జాలి కూడా లేదు.

బ్లూస్కైలో చాటింగు వేరే గది అనీ, పేరు రాసినంతమాత్రాన ఆ మనిషి అందులోకి రాడనీ, నాస్టర్‌లో మనం వాడే యాప్‌ను బట్టి ఉంటుందనీ చెప్పాడు. ఎలా చెప్పాడో అతనికే తెలియదు. అక్కడితో మీటింగు అయిపోయింది. ఎప్పుడూ చుట్టూ మూగేవాళ్ళు ఆరోజు నెమ్మదిగా చెప్పులేసుకుని దిగిపోయారు.

కిందికి వచ్చి అక్క వెనకే కొట్టులోకి నడిచాడు. ఆవిడ హోటలు చొక్కా ఒకటి తాడు మీంచి తీసి బల్ల మీద పరిచింది.

"అక్కా, నేను..."

"మొద్దు అన్నందుకు కాదురా," అంది ఆవిడ. "చిన్నప్పుడు నిన్ను నేను అంతకంటే ఎక్కువే అన్నాను. కళ్ళు పోయాయని రాశావు, అదీ నిజమే. ఆ ఫోటో కాలరు నాదే అనుకున్నా. నువ్వు కుట్టావని నాకు కనిపించలేదు, వేలికీ తెలియలేదు. అందరూ మెచ్చుకుంటుంటే వింటూ కూచున్నా. నువ్వు ఎదురుగా నిలబడి నవ్వావు. నీ పనికి నేను పేరు తెచ్చుకుంటుంటే చూస్తూ ఊరుకుని, చాటుగా వెళ్ళి నేనే దొంగనన్నట్టు చెప్పావు. గుండీల కొట్టులో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదురా నాకు."

అతనికి ఆవిడ కొట్టినా, తిట్టినా బాగుండుననిపించింది. తను ఒక్కడే సిగ్గుపడుతున్నాననుకున్నాడు ఇన్నాళ్ళూ. ఆ సిగ్గులో సగానికి పైగా అక్క మోసిందని, చేయని తప్పుకు మోసిందని ఇప్పుడు తెలిసింది. ఆ సంగతి తనకు తోచనైనా తోచలేదు.

"నా ఫోను తియ్యి. నా పేరు మీదే రాయి," అంది. "ఇంతకు ముందు పెట్టిన కాలరు నేను కుట్టింది కాదు. నాకు చూపు తగ్గింది. కుట్టింది మా తమ్ముడు." కాస్త ఆగింది. "నేర్పింది మాత్రం నేను. రాశావా? అందరికీ కనిపించేట్టు పెట్టు."

పెట్టాడు. ఆవిడ ఫోను తీసుకుని మిషను మీద నిలబెట్టింది. బల్లకు ఆ వైపు నిలబడి చొక్కా కాలరును రెండు చేతులా బిగించి లాగి పట్టుకుంది. "సోమవారానికి ఇవ్వాలి కదా. బ్లేడు తీసుకో. ఇకనుంచి విప్పేదేదో నా ముందే విప్పు. గుడ్డ లాగి పట్టుకోవడానికి కళ్ళు అక్కర్లేదు."

అతను బ్లేడు అందుకున్నాడు. గుడ్డ బిగువుగా ఉంటే కుట్లు ఒక్కొక్కటే తేలిగ్గా తెగుతాయి. ఒంటిచేత్తో ఇన్నాళ్ళూ ఎంత అవస్థపడ్డాడో!

ఫోనులో గంట మోగింది. పెద్దక్క మోచేత్తో నొక్కింది. మరమనిషి గొంతు చదవడం మొదలుపెట్టింది. మాస్టర్ గారూ, మీ చేయి బంగారం. ఇంకో గంట. అక్క కోసం ఇన్నాళ్ళు నోరు మెదపని తమ్ముడు ఉన్నాడంటే నమ్మలేకపోతున్నాం. ఇంకో గంట. మీలాంటి మనిషి మా గ్రూపులో ఉండడం మా అదృష్టం. నెలల తరబడి అతను ఆబగా కోరుకున్న మాటలు, ఏ మాటా తక్కువ కాకుండా, వరసగా వస్తున్నాయి. ఎంబ్రాయిడరీ ఆవిడ గంట మాత్రం మోగలేదు.

"ఆపెయ్ అక్కా," అన్నాడు తలెత్తకుండా.

"ఎందుకూ? నీకు వచ్చినవే కదా," అంది పెద్దక్క. గుడ్డను ఇంకాస్త దగ్గరికి జరిపింది. "విను."